పాట స్టూడియోకి వెళ్ళకముందే: సొంత బాణీకి కాపీరైట్ కాపాడుకునే పద్ధతి

పాట కట్టిన క్షణమే దాని మీద హక్కు మీకు వచ్చేస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అందుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. స్వరాలు రాసి ఉండాలన్న నియమం కూడా లేదు. కోలాటం పాటైనా, అమ్మవారి జాతర పాటైనా, క్రీస్తు కీర్తనైనా అంతే. తగువు వచ్చినప్పుడు మాత్రం ఆ పాట ఎవరు, ఎప్పుడు కట్టారో చూపించాలి. భీమవరం, రాజమండ్రి, అమలాపురం చుట్టుపక్కల ప్రైవేటు పాటలు (సినిమాకి చెందనివి) చాలావరకు నోటిమాట మీదే తయారవుతాయి. బాణీ ఫోనులో పాడి వాట్సాప్‌లో పంపుతారు, కీబోర్డు ప్లేయరు ట్రాక్ చేస్తాడు, పాడేవాళ్ళు వచ్చి వాయిస్ ఇస్తారు, ఎవరిదో ఒక ఛానెల్‌లో పెడతారు. పాటకు లక్షల్లో వ్యూస్ వచ్చాక నలుగురూ తమదే అంటారు. ఆ రోజు అక్కరకొచ్చే కాగితం స్టూడియో గుమ్మం ఎక్కకముందే రాసుకోవాలి.

ఒక పాటలో మూడు ఆస్తులు ఉంటాయి. మాటలు సాహిత్య రచన, అవి రచయితవి. బాణీ సంగీత రచన, అది కట్టినవారిది. రికార్డింగు వేరే ఆస్తి, దానికి యజమాని నిర్మాత. చట్టం దృష్టిలో నిర్మాత అంటే చొరవ తీసుకుని, బాధ్యత నెత్తిన వేసుకుని రికార్డింగు చేయించినవారు. డబ్బు మీరు పెట్టి, పని మీరు చేయించుకుంటే ఆ నిర్మాత మీరే. స్టూడియోకి గంటల లెక్కన అద్దె కట్టినంత మాత్రాన మీ రికార్డింగు స్టూడియో యజమానిది అయిపోదు. అద్దె రసీదు మీద పాట పేరు, తేదీ రాయించుకుని దాచండి. వీటికి తోడు పాడినవారికీ వాయించినవారికీ ప్రదర్శకుల హక్కు ఉంటుంది, అది 50 ఏళ్ళు నడుస్తుంది.

ఏది మీది కాదో కూడా ముందే తేల్చుకోవాలి. రాగం, తాళం ఎవరి సొత్తూ కావు. నాట్లప్పుడు పాడే పాట, పడవ లాగేటప్పటి హైలెస్సా, గరగల ముందు మోగే డప్పు వరస తరాలుగా ఊరందరివీ. వాటి మీద కొత్త మాటలు రాస్తే ఆ మాటలు మీవి, కొత్తగా కూర్చిన వాద్యాల అమరిక మీది, పాత బాణీ మీది కాదు. దాన్ని సొంతమని దరఖాస్తులో రాస్తే ఎవరైనా పాత రికార్డింగు తెచ్చి చూపించినప్పుడు మొత్తం దరఖాస్తు మీద నమ్మకం పోతుంది.

ఇంకో చిక్కు. పాఠశాలలోనో, ట్రస్టులోనో జీతానికి సంగీతం చెప్పేవారు ఉద్యోగంలో భాగంగా కట్టిన పాటకు వేరే ఒప్పందం లేకపోతే తొలి యజమాని ఆ సంస్థే అవుతుంది. చేరేటప్పుడే ‘నా సొంత రచనలు నావే’ అని ఒక వాక్యం రాయించుకోండి.

ఇక సాక్ష్యం. బాణీ తట్టిన రోజు ఫోనులో పాడుకున్న ముక్క పారేయకండి, తప్పుల తడకైనా సరే. కొట్టివేతలతో ఉన్న మొదటి చిత్తు కాగితం, ట్యూన్ మారుతూ వచ్చిన నాలుగైదు రికార్డింగులు, కంప్యూటరులో సంగీతం కూర్చిన (ప్రోగ్రామింగ్) ప్రాజెక్టు ఫైలు, వాద్యాలు విడివిడిగా ఉన్న ట్రాకులు అన్నీ ఉంచాలి. పూర్తయిన పాట దొంగ దగ్గరా ఉంటుంది. అది ఎలా పెరిగిందో చూపే మెట్లు కట్టినవారి దగ్గరే ఉంటాయి. మాస్టర్‌ని, అంటే పూర్తయిన చివరి రికార్డింగుని, వేవ్ (WAV) ఫైలుగా దాచండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో నాలుగు నిమిషాల పాట సుమారు 69 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఒక కాపీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర, ఒకటి క్లౌడ్‌లో పెట్టండి. జూలై, ఆగస్టుల్లో వరద వచ్చే లంక గ్రామాల్లోనూ, ఉప్పుగాలి తగిలే తీరం ఊళ్ళలోనూ ఒక్క హార్డ్ డిస్కును నమ్ముకోకూడదు.

ఫైలు తేదీని ఎవరైనా మార్చగలరు. అందుకే ప్రతి మాస్టర్‌కూ ‘హ్యాష్’ తీసి రాసుకోండి. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాల వరస. ఫైలులో రవ్వంత మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. దాన్ని తీసే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఆ వరసను అదే రోజు మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇవ్వాల్సిన ధ్రువపత్రం నమూనాలో హ్యాష్‌కి గడి ఉంది. ఇక సీడీని కవర్లో పెట్టి తన పేరుకే రిజిస్టర్ పోస్టు చేసుకోవడం పాత అలవాటు. అది కొత్తగా ఏ హక్కూ ఇవ్వదు, సాక్ష్యంగానూ బలహీనం. దాని మీదే ఆధారపడకండి.

అన్నిటికంటే ముఖ్యం కీబోర్డు ప్లేయరుతో కాగితం. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్లు చాలాసార్లు ఆయన సొంతంగా కడతారు, అవి సంగీత రచనే. డబ్బిచ్చాం కదా అనుకుంటే చాలదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. తెల్ల కాగితం మీద ఇలా రాస్తే సరిపోతుంది:

‘ఫలానా పాట (పల్లవి మొదటి పాదం ఇది) సాహిత్యం, బాణీ ఫలానా వారివి. ఈ పాటకు నేను కీబోర్డు వాయించి, ప్రోగ్రామింగ్ చేసి, మధ్య బిట్లు కట్టాను. ఇందుకు ఇన్ని రూపాయలు నాకు ముట్టాయి. నేను కట్టిన సంగీతంలో, ఈ రికార్డింగులో నాకుండే కాపీరైట్‌ను, కాపీరైట్ ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ వారికి రాసి ఇస్తున్నాను. వారు ఏడాదిలోగా వాడకపోయినా ఈ బదిలీ రద్దు కాదు. పాట వివరాల్లో నా పేరు ప్రోగ్రామింగ్ కింద వేయాలి.’

ఇందులో ఏ మాటా ఊరికే లేదు. కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఐదేళ్ళకే ఇచ్చినట్టు. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు, కువైట్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మనవాళ్ళు వింటే వచ్చే ఆదాయం మీద తగువు మిగులుతుంది. ఏడాది మాట లేకపోతే వాడని హక్కు తిరిగి ఇచ్చినవారికే పోతుంది. పాడినవారి దగ్గర కూడా ఇలాంటి సమ్మతి తీసుకోండి, వాళ్ళ రాయల్టీ ఎంతో అందులోనే తేల్చండి.

ఇదే సెక్షన్ మీరు హక్కులు ఇచ్చే రోజున మిమ్మల్ని కాపాడుతుంది. ఛానెల్ వాళ్ళు, ఆడియో కంపెనీ వాళ్ళు ‘అన్ని హక్కులూ’ అని తెచ్చిన కాగితంలో పాట పేరు, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి ఉన్నాయా చూడండి. 2012 సవరణ తర్వాత సినిమా పాటకే కాదు, ప్రైవేటు పాటకు కూడా రచయితకూ సంగీతకర్తకూ రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు ఉంది. హక్కులు అమ్మేసినా మీ పేరు వేయమని అడిగే హక్కు సెక్షన్ 57 కింద మీ దగ్గరే ఉంటుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించమనే చెబుతాం. కోర్టులో ఆ రిజిస్టరు నకలు ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది, ‘కాదు’ అని రుజువు చేసే భారం ఎదుటివారి మీద పడుతుంది. ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైటులో లాగిన్ తెరిచి ఫారం 14 నింపాలి. సాహిత్యానికి 500 రూపాయలు, బాణీకి 500, రికార్డింగుకి 2,000. మూడూ విడి దరఖాస్తులు. చాలామంది రికార్డింగు ఒక్కటే నమోదు చేసి బాణీ కూడా వచ్చేసిందనుకుంటారు. ఎవరైనా అదే బాణీని వేరే గొంతుతో మళ్ళీ పాడిస్తే ఆ నమోదు అక్కరకు రాదు. చేతిలో డబ్బు తక్కువైతే ముందు మాటలు, బాణీ నమోదు చేయండి.

హక్కుకి అక్కర్లేకపోయినా, బాణీ నమోదుకి స్వరాలు రాసి ఇవ్వాలి. స రి గ మ లతో, తాళం గీతలతో రాసి పీడీఎఫ్ చేయండి. చేతకాకపోతే ఊళ్ళో వయొలిన్ మాస్టారో, సన్నాయి విద్వాంసుడో ఒక పూటలో రాసిపెడతారు, అప్పుడు కట్టింది మీరేనని ఆయన చేత ఒక ముక్క రాయించుకోండి. రికార్డింగుకి ఎంపీ3 చాలు. 320 కేబీపీఎస్‌లో నాలుగు నిమిషాల పాటే 9.6 ఎంబీ దాకా అవుతుంది, సైటు తీసుకోకపోతే 128కి దించండి, 4 ఎంబీ లోపు వస్తుంది. యూట్యూబ్‌లో పెట్టిన పాటకు ‘అప్రచురితం’ అని రాయకండి. ప్రజలకు అందుబాటులోకి తెస్తే చట్టం ప్రకారం అది ప్రచురణే. ఏ ఏడాది, ఏ దేశంలో అన్నది నింపాలి. ఇంటిపేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. మిగతా వాటాదారుల నుంచి అభ్యంతరం లేదన్న లేఖలు జత చేయండి. దరఖాస్తుకు డైరీ నంబరు వచ్చాక 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు, ఆ తర్వాత పరిశీలన. లోపాల లేఖ వస్తే గడువులోగా జవాబివ్వకపోవడమే దరఖాస్తులు పోయే దారి, కాబట్టి రోజూ చూసే ఈమెయిల్ ఇవ్వండి.

పాట విడుదల చేసేటప్పుడు కింద వివరాల్లో రికార్డింగు చేయించినవారి పేరు, చిరునామా, హక్కుదారు ఎవరు, తొలి ప్రచురణ ఏడాది వేయండి. రికార్డింగుల మీద ఇవి ఉండాలని సెక్షన్ 52ఏ చెబుతుంది. పాటను మ్యూజిక్ యాప్‌లలో పెట్టే డిస్ట్రిబ్యూటరు ఇచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య రికార్డింగుది, దాన్ని చిట్టాలో రాసుకోండి. రచయితలకూ సంగీతకర్తలకూ ప్రదర్శన రాయల్టీ వసూలు చేసే సంఘం 1969లో ముంబైలో మొదలైన ఐపీఆర్ఎస్. చేరితే కొన్ని హక్కులు సంఘానికి వెళ్తాయి, ఆ తర్వాత అవే హక్కులు ఛానెల్‌కి రాసివ్వకూడదు.

కంటెంట్ ఐడీ, అంటే మీ పాట వేరే వీడియోల్లో ఉంటే యూట్యూబ్ తనంతట తానే పట్టుకునే ఏర్పాటు, విషయంలో జాగ్రత్త. ట్రాకులో కొన్న లూప్ (మళ్ళీ మళ్ళీ తిరిగే రెడీమేడ్ సంగీతపు ముక్క) కానీ, లైబ్రరీ శబ్దం కానీ ఉంటే అదే లూప్ వేరే వందమంది పాటల్లోనూ ఉంటుంది. దాన్ని మీ సొత్తుగా నమోదు చేస్తే వాళ్ళ మీద తప్పుడు క్లెయిములు పడి మీ ఖాతాకే చేటు.

పాట ఎత్తుకెళ్ళారని తెలిస్తే ముందు లింకు, తేదీ, ఎన్నో నిమిషంలో మీ బాణీ వస్తుందో రాసుకుని స్క్రీన్ రికార్డింగు తీయండి. ఫోను చేసి గొడవ పడితే వీడియో తీసేస్తారు, సాక్ష్యం పోతుంది. తర్వాత ఫిర్యాదు ఫారం పంపండి. మన కాపీరైట్ నియమాల్లోని 75వ నియమం కింద లిఖిత ఫిర్యాదు అందిన మధ్యవర్తి సంస్థ (యూట్యూబ్ లాంటిది) 36 గంటల్లో చర్య తీసుకోవాలి. అయితే 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే ఆ సంస్థ ఆ లింకును తిరిగి తెరవవచ్చు. దావాకి ఢిల్లీ వెళ్ళనక్కర్లేదు. సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే ప్రాంతం మీద అధికారం ఉన్న జిల్లా స్థాయి కోర్టులోనే వేయవచ్చు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద నేరం రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా.

పెళ్ళి ఊరేగింపులోనో, దైవకార్యంలోనో మీ పాట వేశారని మాత్రం కేసు పెట్టలేరు. వాటికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. ప్రభల తీర్థంలో మేళంవాళ్ళు వాయించడం వేరు, డీజే దాన్ని రీమిక్స్ చేసి తన ఛానెల్‌లో పెట్టుకోవడం వేరు. రెండోదానికి మీ అనుమతి కావాలి. కవర్ పాటకు, అంటే మీ పాటను వేరేవారు మళ్ళీ పాడి రికార్డు చేయడానికి, చట్టబద్ధ లైసెన్సు దారి ఉంది కానీ తొలి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి. 2025లో రికార్డయిన పాటకు 2031 జనవరి దాకా ఆ దారి తెరుచుకోదు. ఆ తర్వాత కూడా ముందుగా నోటీసు ఇచ్చి, కనీసం 50,000 కాపీల రాయల్టీ కట్టాలి.

మాటలకూ బాణీకీ హక్కు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. పొలం దస్తావేజులు పెట్టే పెట్టెలోనే ఒప్పందాలు, నమోదు పత్రాలు, హ్యాష్ చిట్టా, ఖాతాల లాగిన్ వివరాలు ఒక కవర్లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. వీలునామా రాస్తే పాటల పేర్లు వరసగా అందులో చేర్చండి.