సీజన్ మొదలవకముందే మౌత్‌గార్డ్ సంగతి తేల్చుకోండి

బాక్సింగ్, హాకీ, రగ్బీ, బాస్కెట్‌బాల్, కబడ్డీ... మోచేతులో, కర్రలో, బంతులో మొహానికి దగ్గరగా తిరిగే ఏ ఆటలోనైనా ముందు దెబ్బ తినేవి పై వరసలోని ముందు పళ్లే. ఎత్తుపళ్లు ఉన్నవాళ్లకి ఈ బెడద ఇంకాస్త ఎక్కువ. అందుకే పళ్లకి తొడుగులా వేసుకునే మౌత్‌గార్డ్‌ని మామూలుగా పై పళ్లకే పెట్టుకుంటారు. కింది దవడ ముందుకు వచ్చి ఉన్నవాళ్లకి మాత్రం కింద పెట్టాల్సి రావచ్చు. అది డెంటిస్ట్ చూసి చెప్పాల్సిన మాట.

పడిన దెబ్బ మొత్తం ఒక్క పంటి మీదే పడకుండా పంచేయడం దీని ముఖ్యమైన పని. గడ్డం కింద దెబ్బ తగిలితే కింది పళ్లు పై పళ్లకి టక్కున కొట్టుకుని పెచ్చులూడకుండా మధ్యలో మెత్తగా అడ్డుపడుతుంది. పెదవులు, బుగ్గలు సొంత పళ్లకే చీరుకుపోకుండా కూడా చూస్తుంది. తలకి తగిలే దెబ్బల నుంచి కాపాడుతుందని ఎవరైనా చెబితే మాత్రం ఆ ధైర్యంతో ఆడకండి. దాన్ని పళ్లకి, నోటికి రక్షణగానే లెక్కేసుకోండి.

కొనేముందు ఒకసారి పళ్లు చూపించుకోండి. చాలామంది గార్డ్ కొనేశాక, సీజన్ మధ్యలో పన్ను సలిపితే పరిగెడతారు. అప్పుడు ఫిల్లింగ్ చేసినా, క్యాప్ వేసినా ఆ పంటి ఆకారం మారిపోతుంది, నిన్నటిదాకా సరిపోయిన గార్డ్ ఇవాళ బిగుసుకోదు. పుచ్చుపళ్ల పని ముందు, గార్డ్ తర్వాత.

ఇక రకాలు. ప్యాకెట్ విప్పి నేరుగా నోట్లో పెట్టుకునే రెడీమేడ్ గార్డ్ అన్నిటికంటే చవక, అన్నిటికంటే దండగ. అది జారిపోకుండా పళ్లు బిగించి పట్టుకోవాలి. అలా బిగించి ఎవరూ పూర్తి ఆట ఆడలేరు, పది నిమిషాల్లో తీసి జేబులో పెట్టేస్తారు. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి అచ్చు తీసుకునేది రెండో రకం. డెంటిస్ట్ మీ పళ్ల అచ్చు తీసుకుని చేయించేది మూడోది. కుదిరితే మూడోదే మంచిది, ముఖ్యంగా బాక్సింగ్ లాంటి ఆటలకి. ఏ ఆట ఆడతారో డెంటిస్ట్‌కి ముందే చెప్పండి, మందం దాన్నిబట్టి మారుతుంది. ముందు పళ్ల దగ్గర 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే మంచిది.

ఎక్కువమంది కొనేది రెండో రకమే, అది చెడేది కూడా ఇంట్లో అచ్చు తీసుకునేటప్పుడే. నీళ్లు ఎంత వేడిగా ఉండాలో, ఎన్ని సెకన్లు ముంచాలో ప్యాకెట్ మీద రాసినట్టే చేయండి, పక్కవాళ్లు చెప్పిన లెక్క వద్దు. తీశాక నోరు కాలకుండా క్షణం ఆగి, అద్దంలో చూసుకుంటూ మధ్య గీత మీ ముందు పళ్ల మధ్యకి వచ్చేలా పెట్టుకోండి. తర్వాత చాలామంది గట్టిగా కొరికేస్తారు, తప్పంతా అక్కడే. మెత్తబడిన ప్లాస్టిక్ పళ్ల కింద పిండినట్టయి పలచబడిపోతుంది. రక్షణ కావాల్సిన చోటే రేకులా మిగులుతుంది. నెమ్మదిగా కొరికి, బయటి నుంచి పెదవులు, బుగ్గల మీద వేళ్లతో నొక్కుతూ, లోపల నాలుకతో పైకి ఒత్తుతూ, గాలి గట్టిగా పీల్చండి. చల్లారాక వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. ఎక్కడైనా పలచగా కనిపిస్తే ఆ గార్డ్ పక్కన పెట్టేయడమే నయం.

సరిపోయిందో లేదో చూడటం తేలిక. నోరు బార్లా తెరిచినా పై పళ్లని వదలకూడదు. దాన్ని పెట్టుకుని మీ టీమ్‌వాళ్లని పేరుపెట్టి పిలవగలగాలి, నోటితో ఊపిరి ఆడాలి. వెనకాల కనీసం మొదటి పెద్ద దవడపన్ను దాకా కప్పాలి. మరీ వెనక్కి వెళ్లి వాంతి వచ్చినట్టుంటే చివర కొద్దిగా కత్తిరించి అంచు నున్నగా చేయొచ్చు. కింది పళ్లు రెండువైపులా ఒకేలా ఆనాలి, ఒకవైపే ఆనితే దవడ నొప్పెడుతుంది. కొత్తలో లాలాజలం ఊరడం మామూలే. ఇంట్లో కాసేపు పెట్టుకు తిరిగితే అలవాటైపోతుంది. మ్యాచ్ రోజు మొదటిసారి పెట్టుకోకండి. ప్రాక్టీస్‌లోనూ పళ్లు ఊడతాయి కాబట్టి అక్కడా పెట్టుకోవాల్సిందే.

పళ్లకి క్లిప్పులు ఉన్న పిల్లలకి మామూలు వేడినీళ్ల గార్డ్ వాడొద్దు. అది కరిగి క్లిప్పుల చుట్టూ పట్టుకుంటుంది, పైగా పళ్లు కదులుతుంటే అచ్చు నిలవదు. క్లిప్పుల కోసమే తయారైనవి ఉంటాయి, క్లిప్పులు వేసిన డాక్టర్నే అడగండి. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసులో గార్డ్ త్వరగా ఇరుకవుతుంది, మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుకి ఇచ్చే గార్డ్ దీనికి పనికిరాదు. తీసిపెట్టుకునే కట్టుడు పళ్లుంటే తీసేసే ఆడాలి.

ఆడేశాక చల్లటి నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడిగి, గాలి ఆడే డబ్బాలో ఆరనివ్వండి. వేడినీళ్లలో కడిగినా, ఎండలో నిలిపిన కారులో వదిలేసినా ఆకారం పోతుంది. ఖాళీ దొరికితే చూయింగ్‌గమ్‌లా నమిలే అలవాటు ఆటగాళ్లలో ఉంది. కొరికి కొరికి బొక్కలు పడితే, అంచులు గరుకెక్కితే, లూజయితే మార్చేయండి.

ఇన్ని చేసినా పన్ను ఊడొచ్చు. శాశ్వత పన్ను ఊడి పడితే తెల్లటి పైభాగం పట్టుకుని తీయండి, వేరుని ముట్టుకోవద్దు. మట్టి అంటితే పాలతోనో చల్లటి నీళ్లతోనో కొద్ది సెకన్లు కడగండి, రుద్దొద్దు. ఆటగాడు తెలివిలో ఉంటే పన్ను ఉన్నచోటే తిరిగి నెమ్మదిగా పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనండి. అది కుదరకపోతే పాలలో వేసి, వీలైతే అరగంటలోపు డెంటిస్ట్ దగ్గర ఉండేలా చూడండి. ఎండిపోనివ్వకండి. ఊడింది పాలపన్నయితే తిరిగి పెట్టే ప్రయత్నం చేయొద్దు, కింద ఎదుగుతున్న పన్ను దెబ్బతింటుంది.