ఆరాధనలో కల్తీని గుర్తించడం – 5వ పాఠం: ఇత్తడి సర్పం

బెరయ పట్టణంవారు అపొస్తలుడైన పౌలు బోధను సైతం ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకున్న విధానాన్ని (అపొస్తలుల కార్యములు 17:11) గత పాఠంలో అభ్యాసం చేశాము. బోధను పరీక్షించడం కొంత సులువే, ఎందుకంటే అది మాటల రూపంలో మన ఎదుట ఉంటుంది. అలవాటును పరీక్షించడం కష్టం. అది ఒకప్పుడు మంచిదై ఉండడమే అందుకు కారణం.

సంఖ్యాకాండము 21:4-9, రెండవ రాజులు 18:1-7 భాగాలను ఒకే పూట, ఒకదాని వెంట ఒకటి చదవండి. అరణ్యంలో పాము కాటుకు గురైనవారు చూచి బ్రతకడానికి దేవుడే చేయించిన ఇత్తడి సర్పానికి, శతాబ్దాల తరువాత, యూదా రాజు హిజ్కియా నాటికి జనం ధూపం వేస్తున్నారు. మోషే చేతి పని అని కూడా చూడకుండా ఆ రాజు దానిని ముక్కలు చేయించాడు. దానికున్న నెహుష్టాను అనే పేరు ఇత్తడి అనే హెబ్రీ మాటకు దగ్గరిది. యేసు తన సిలువను గురించి చెప్పడానికి ఆ సర్పాన్నే పోలికగా తీసుకున్నాడు (యోహాను 3:14) కనుక తప్పు వస్తువుది కాదు, దానిని పట్టుకున్న చేతులది.

దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి ప్రాంతాల్లో మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ దొరల కాలం నుండి క్రైస్తవులుగా ఉన్న కుటుంబాలకు కూడా ఈ పాఠం అవసరమే. దేవరకొండ దగ్గరి ఒక ఊరిలో, పొరుగిళ్ల గుమ్మాలకు బూడిద గుమ్మడికాయ వేలాడే వీధిలోనే, ఒక విశ్వాసి ఇంటి గుమ్మానికి ఎర్రదారంతో కట్టిన చిన్న నూనె సీసాను చూశాను. నూనె అడుగంటి, సీసా గోడకు దుమ్ము అంటుకొని ఉంది. అడిగితే, "అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన్రు బిడ్డా, ఇది ఉంటే ఇంట్లకు ఏదీ రాదు" అన్నది ఆ పెద్దమ్మ.

ఇక్కడ మూడు ప్రశ్నలు వేసుకోవాలి: దీనిని ఎవరు నియమించారు, దేనికోసం, ఇప్పుడు ఇది ఏ పని చేస్తున్నది? యాకోబు 5:14 ప్రకారం రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలి, వారు ప్రభువు నామమున నూనె రాసి ప్రార్థన చేయాలి. అక్కడ మనుషులున్నారు, ప్రార్థన ఉన్నది, ప్రభువు నామం ఉన్నది. గుమ్మం మీద సీసా ఒక్కటే మిగిలింది, పైగా గుమ్మడికాయ చేసే పనే చేస్తున్నది.

అలాగని మీరు వెళ్లి ఆ దారం తెంపవద్దు. హిజ్కియా తన దేశానికి రాజు, మీరు మాత్రం ఆ ఇంటికి అతిథి. జగడమాడక సాత్వికముతో దిద్దమన్న మాట (2 తిమోతి 2:24-25) ఇక్కడే పనికివస్తుంది. ఆమె పక్కన కూర్చొని యాకోబు పత్రిక చదివి వినిపించి, పెద్దలను ప్రార్థనకు పిలిపించండి. దారం ఆమే విప్పుకోవాలి. సీసాలు పంచుతున్నది సంఘమే అయితే ఆ మాట పెద్దల కూడికలో ఎత్తాలి, కూడిక అయ్యాక చెట్టు కింద కాదు.

అభ్యాసం: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మీరు తీసుకున్న వాగ్దాన కార్డును (కొత్త సంవత్సరానికి ఒక బైబిలు వచనం రాసి ఉన్న కార్డును) బైబిలులోనుండి బయటకు తీయండి. యిర్మీయా 29:11 వచ్చినవారు ఆ అధ్యాయంలో 4 నుండి 14 వరకు చదివి, ఆ ఉత్తరం ఎవరికి వెళ్లిందో, 10వ వచనంలోని డెబ్బై సంవత్సరాల మాట వారికి ఎలా వినబడి ఉంటుందో నోటుబుక్కులో రాయండి. తరువాత ఆ మూడు ప్రశ్నలనే కార్డుకు వేయండి. 6వ పాఠం మీ జవాబుల దగ్గర మొదలవుతుంది.