పెన్నేట్లో ఫ్లై ఫిషింగ్ నేర్చుకోబోయే తమ్ముళ్లకు

కొత్తగా ఫ్లై రాడ్ (ఈకల పురుగు బొమ్మను ఎరగా విసిరి చేప పట్టే గాలపు కర్ర) కొన్న కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, మైలవరం డ్యాం దిగువన కొరమీను ఎక్కడ పడుతుంది?" చేప సంగతి తర్వాత. అక్టోబరు, నవంబరు మన ఏళ్లకు నీళ్లొచ్చే కాలం. సిగ్నల్ లేని మడుగుల దాకా నడిచి వెళ్లేముందు ఈ నాలుగు మాటలు వినండి.

మొదటి భయం నీళ్లతోనే. పెన్న నంది కొండల్లో పుట్టి అనంతపురం మీదుగా వస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన వాన పడితే వరద మనకే. 2021 నవంబరు 19న పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి పులపత్తూరు, మందపల్లి ఊళ్లను ముంచేసింది. మన కడప జిల్లాలో అది ఎవరూ మర్చిపోలేదు. గండికోట, మైలవరం గేట్లు ఎత్తుతున్నారేమో ముందురోజే కనుక్కోండి. ఏట్లో దిగగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, దాని మీద కన్నేసి ఉంచండి. పుల్ల మునుగుతున్నా, తేటనీళ్లు ఎర్రబడినా, ఆకూ అలమా కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి. చేప తగిలి ఉంటే దారం తెంపేయండి. బ్యాగు కోసం వెనక్కి పోవద్దు. ఏటి నడుమ ఇసుక దిబ్బ మీదికి అసలే వద్దు.

ఇక గాలం. ఇందులో ఎరకు బరువుండదు, ఈకతో కట్టిన పురుగు బొమ్మ అంతే. బరువైన లైనును వెనక్కీ ముందుకీ ఊపి విసరాలి. అంటే ముల్లు ప్రతిసారీ మీ చెవి పక్కనుంచే పోతుంది. ఒకసారి గాలి తిరిగి నా చెవి తమ్మెలో దిగింది. ఆ ముల్లుతోనే జమ్మలమడుగు దాకా బండి మీద వచ్చాను. కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి. ముల్లుకు వెనక్కి తిరిగి ఉండే చిన్న మొనను ప్లయర్‌తో నొక్కేస్తే సులువుగా ఊడొస్తుంది. కంట్లో గుచ్చుకుంటే మాత్రం ముట్టుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మొదటి నెల కోతైన పొలంలో, ముల్లు బదులు ఊలు ముక్క కట్టి విసరడం నేర్చుకోండి.

తొమ్మిదడుగుల కార్బన్ రాడ్ కరెంటును లాగుతుంది. గట్ల మీద మోటార్లకు పోయే తీగల కింద రాడ్ ఎత్తొద్దు. ఉరుము వినబడితే రాడ్ పక్కన పెట్టి కారులోకో, ఇంట్లోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు, 108కి ఫోన్ చేయండి. చేపలు పట్టే హక్కున్న మత్స్యకారుల్ని అడిగి దిగండి. నల్లమల అభయారణ్యంలో గాలం వేయొద్దు.

మొదటి ఏడాది ఒంటరిగా వెళ్లొద్దు తమ్ముళ్లూ. ఏ మడుగు, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి బయల్దేరండి.