గెస్ట్ మెషీన్‌కు ఏవీఎక్స్ అందాలంటే: ప్రాక్స్‌మాక్స్‌లో సీపీయూ టైప్ మార్చే పద్ధతి

ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లను) నడిపే ప్రాక్స్‌మాక్స్ వేసిన సర్వర్లు నా దగ్గర రెండున్నాయి. అసలు సర్వర్‌ను హోస్ట్ అంటారు, దాని మీద నడిచే వర్చువల్ మెషీన్‌ను గెస్ట్ అంటారు. ఒకదానిలో ఐవీ బ్రిడ్జ్ తరం పాత ఇంటెల్ జియాన్ ప్రాసెసర్, ఇంకొకదానిలో దాని తర్వాత వచ్చిన స్కైలేక్ తరం ప్రాసెసర్. ఒక పాత వర్చువల్ మెషీన్‌లో మాంగోడీబీ అనే డేటాబేస్‌ను 5.0కి అప్‌గ్రేడ్ చేసిన రాత్రి సర్వీస్ ఇక లేవలేదు. లాగ్‌లో ఒక్కటే మాట: ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, అంటే ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం. ర్యామ్ పోయిందేమోనని తెల్లారేదాకా టెన్షన్ పడ్డాను. అసలు సంగతి వేరు. 5.0 నుంచి మాంగోడీబీకి ఏవీఎక్స్ (ఒకేసారి చాలా లెక్కలు చేసే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు) తప్పనిసరి. నా సర్వర్లు రెండింటిలోనూ అది ఉంది, గెస్ట్‌కు మాత్రం కనిపించడం లేదు.

ప్రాసెసర్‌లో ఏమేం ఉన్నాయో గెస్ట్ ఓఎస్ సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో అడుగుతుంది. ప్రాక్స్‌మాక్స్ లోపల గెస్ట్‌లను నడిపే కేవీఎం ఆ ప్రశ్నను మధ్యలోనే పట్టుకుని, మనం సెట్టింగ్‌లో పెట్టిన సీపీయూ టైప్ (గెస్ట్‌కు చూపించే ప్రాసెసర్ రకం) ప్రకారం జవాబు చెబుతుంది. టైప్ ఏదీ పెట్టని మెషీన్లకు కేవీఎం64 అనే టైప్ వర్తిస్తుంది. అందులో ఏవీఎక్స్ లేదు.

ముందు హోస్ట్‌లోనూ గెస్ట్‌లోనూ ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి ఫ్లాగ్స్ (ప్రాసెసర్‌లో ఉన్న సౌకర్యాల జాబితా) పోల్చి చూడండి. తర్వాత వెబ్ పేజీలో ఆ మెషీన్ తెరిచి హార్డ్‌వేర్, ప్రాసెసర్స్, ఎడిట్ అని వెళ్తే టైప్ కనిపిస్తుంది. సర్వర్ ఒక్కటే అయితే అక్కడ 'హోస్ట్' పెట్టేయండి, అసలు ప్రాసెసర్ ఇచ్చేవి గెస్ట్‌కు కనిపిస్తాయి.

నాలా రెండు తరాల సర్వర్లు ఉంటే మాత్రం అలా వద్దు. స్కైలేక్ మీద 'హోస్ట్'తో లేచిన గెస్ట్ ఏవీఎక్స్ తర్వాతి రూపమైన ఏవీఎక్స్2 చూసి దాన్ని వాడుకోవడం మొదలుపెడుతుంది. లైవ్ మైగ్రేషన్‌లో (మెషీన్‌ను ఆపకుండానే ఇంకో సర్వర్‌కు మార్చడంలో) ఐవీ బ్రిడ్జ్ మీదకు వచ్చాక ఆ ఇన్‌స్ట్రక్షన్ అక్కడ ఉండదు, నడుస్తున్న ప్రోగ్రామ్ కూలిపోతుంది. అందుకే పాత సర్వర్ ఎంత ఇవ్వగలదో అంతే అడగాలి.

ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి వెబ్ పేజీలో కొత్త మెషీన్ చేస్తే ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ అనే టైప్ దానంతటదే వస్తుంది. దాన్ని నమ్మి నేను ఇంకో పూట పోగొట్టుకున్నాను, అందులోనూ ఏవీఎక్స్ లేదు. దాని పై మెట్టు ఎక్స్86-64-వీ3లో ఉంది కానీ దానికి ఏవీఎక్స్2 కూడా కావాలి, ఐవీ బ్రిడ్జ్ ఇవ్వలేదు. చివరికి కుదిరింది ఐవీ బ్రిడ్జ్ తరానికి సరిపోయే ఐవీబ్రిడ్జ్-ఐబీఆర్ఎస్ అనే టైప్.

టైప్ మార్చి వదిలేయకండి, కింద ఫ్లాగ్స్ కూడా చూడండి. ఈ మోడల్‌లో పీసీఐడీ, ఎస్ఎస్‌బీడీ, ఎండీ-క్లియర్ వాటంతటవి ఆన్ అవ్వవు, మనమే చేయాలి. 2018లో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ భద్రతా లోపానికి వేసిన ప్యాచ్ వల్ల వచ్చే నెమ్మదిని పీసీఐడీ తగ్గిస్తుంది. మిగతా రెండూ ఆ తరహా వేరే లోపాల నుంచి గెస్ట్ తనను కాపాడుకోవడానికి. వాటికి ముందు హోస్ట్‌లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఉండాలి.

గెస్ట్ లోపలి నుంచి రీబూట్ చేస్తే కొత్త టైప్ రాదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయండి. ఎల్ఎస్‌సీపీయూలో ఏవీఎక్స్ కనిపించాక మాంగోడీబీని లేపి, మెషీన్‌ను అటూ ఇటూ ఒకసారి మైగ్రేట్ చేసి చూడండి. ఆ తర్వాతే అసలు పనికి వదలండి.