డీఎం పాఠాలు - 3: ఎక్స్‌పీ పంపకం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కథ నడిపే డీఎం (డంజన్ మాస్టర్) కోసం రాస్తున్న పాఠాలివి. ఎక్స్‌పీ అంటే అడ్డంకులు దాటినందుకు వచ్చే అనుభవ పాయింట్లు; అవి పోగైతే లెవెల్ పెరుగుతుంది. ముందుగా రెండో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబు: కింది పోరు ఎంత కష్టమో తేల్చమన్నాం. ప్లేయర్లు ఆడించే నలుగురు క్యారెక్టర్ల పార్టీ (జట్టు), అందరూ లెవెల్ 3. భాకరాపేట ఘాట్ అడవిలో ఎర్రచందనం దుంగలు మోస్తున్న ముఠా ఎదురైంది: ముగ్గురు బందిపోట్లు, ఒక నాయకుడు. బందిపోటుకు 25 చొప్పున 75, నాయకుడికి 450, మొత్తం 525 ఎక్స్‌పీ. శత్రువుల సంఖ్య పెరిగితే కష్టమూ పెరుగుతుంది; ఇక్కడ నలుగురు కాబట్టి రెండుతో హెచ్చవేస్తే 1,050. ఈ పార్టీకి ‘కష్టం’ మొదలయ్యే గీత 900 దగ్గర, ‘ప్రాణాంతకం’ గీత 1,600 దగ్గర ఉన్నాయి. కాబట్టి ఇది కష్టమైన పోరు.

పోరు ముగిశాక ఆ ఎక్స్‌పీని ఎలా పంచాలన్నది ఈ పాఠం. లెక్కలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నిబంధనల ప్రకారం చేసినవి. 2024 పుస్తకాల్లో ఈ హెచ్చవేత తీసేశారు, గీతలూ మారాయి. మీ బల్ల దగ్గర ఏ పుస్తకం వాడుతున్నారో మొదటి రోజే అందరికీ చెప్పండి.

చాలామంది కొత్త డీఎంలు తడబడేది ఇక్కడే. ఆ 1,050 కష్టాన్ని కొలవడానికి మాత్రమే. పంచాల్సింది అసలు మొత్తం 525. నాలుగుతో భాగిస్తే 131.25 వస్తుంది; భిన్నం వదిలేసి తలా 131 రాయండి. పొరపాటున 1,050ని పంచితే తలా 262 అవుతుంది. అందులో నష్టమేముందో చూడండి. లెవెల్ 2కి 300, లెవెల్ 3కి 900, లెవెల్ 4కి 2,700, లెవెల్ 5కి 6,500 ఎక్స్‌పీ కావాలి. ఇవి మొదటి నుంచీ కూడుతూ వచ్చే మొత్తాలు, లెవెల్ పెరగగానే సున్నాకు తిరిగి రావు. అంటే 3 నుంచి 4కి వెళ్ళడానికి ఇంకా 1,800 సంపాదించాలి. తలా 131 చొప్పున ఇలాంటి పోరులు 14 పడతాయి, 262 చొప్పున 7 చాలు. మీరు లెవెల్ 3 కోసం రాసుకున్న సాహసం సగంలో ఉండగానే పార్టీ లెవెల్ 4 అయిపోతుంది, మిగిలిన శత్రువులు తేలిపోతారు. అప్పుడు డీఎం శత్రువుల సంఖ్య పెంచుతారు, హెచ్చవేత ఇంకా పెద్దదవుతుంది, తప్పు రెట్టింపవుతుంది.

ఇక అసలు విషయం. ఎక్స్‌పీ దేనికి ఇస్తే ఆట ఆ వైపే పోతుంది. చంపినందుకే ఇస్తే ప్లేయర్లు చంపుతారు. పలమనేరు వైపు జరిగే ఒక ఘట్టంతో దీన్ని వివరంగా చూద్దాం.

కౌండిన్య అడవి నుంచి ఒంటి ఏనుగు రాత్రిపూట మామిడి తోటలో దిగింది. ఊరివాళ్ళు పార్టీ సాయం కోరారు. పుస్తకంలో ఏనుగు ఛాలెంజ్ రేటింగ్ (శత్రువు బలాన్ని చెప్పే అంకె) 4, విలువ 1,100 ఎక్స్‌పీ. ఒక్కటే శత్రువు కాబట్టి హెచ్చవేత లేదు. 1,100 అంటే మన పార్టీకి ఇదీ కష్టమైన ఘట్టమే. ఆ ప్రాంతం రైతులకు ఏనుగు చావడం అక్కర్లేదు, అది అడవిలోకి తిరిగి వెళ్తే చాలు. డప్పులు, దివిటీలు, అరుపులతో తరిమేస్తారు. మీ పార్టీ కూడా అదే చేసిందనుకోండి. ఎంత ఇవ్వాలి? పూర్తిగా 1,100, తలా 275. అడ్డంకి దాటారు, ప్రమాదం నిజంగా ఉంది, ఒక్క కొమ్ముపోటుతో లెవెల్ 3 క్యారెక్టర్ కూలిపోవచ్చు. ‘తరిమారు కదా, సగం చాలు’ అని డీఎం ఒక్కసారి అన్నారంటే, తర్వాతి ఏనుగుకు పార్టీ బాణాలు సిద్ధం చేసుకుంటుంది. ఆ తప్పు ప్లేయర్లది కాదు.

ఇంకో చిక్కు. పార్టీలోని డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే క్యారెక్టర్) ‘యానిమల్ ఫ్రెండ్‌షిప్’ మంత్రం వేస్తుంది. ఆ మంత్రం ఇంటెలిజెన్స్ (తెలివిని చెప్పే అంకె) 4 లేదా అంతకు మించి ఉన్న జంతువుపై పనిచేయదు. ఏనుగుకు ఉన్నది 3, కాబట్టి పనిచేసే వీలుంది. ఏనుగు విజ్డమ్ సేవింగ్ త్రో (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే డైస్) తప్పింది, మచ్చికైంది, డ్రూయిడ్ వెంట అడవిలోకి నడిచింది. రెండు నిమిషాల్లో ఘట్టం ముగిసింది. డీఎంకు ఉసూరుమనిపించినా ఇవ్వాల్సింది తలా 275 ఎక్స్‌పీయే. మంత్రాలకు ఉండే పరిమిత స్లాట్లలో ఒకటి ఖర్చయింది, త్రో నెగ్గి ఉంటే ఏనుగు ఆమె మీదికే వచ్చేది. ఘట్టం ఎంతసేపు సాగిందన్నది కొలత కాదు, ఓడిపోయే అవకాశం ఉందా లేదా అన్నదే కొలత. అదే పార్టీ అటవీ సిబ్బందికి కబురు పంపి సత్రంలో పడుకుంటే ఓడిపోయే అవకాశమే లేదు, ఎక్స్‌పీ కూడా లేదు.

పార్టీ ఏనుగును చంపితే? పుస్తకం ప్రకారం ఆ 1,100 దక్కుతుంది. మీ కథలో అలా వద్దనుకుంటే ఆట మొదలయ్యే ముందే ‘ఏనుగు ప్రాణంతో అడవి చేరితేనే ఎక్స్‌పీ’ అని చెప్పాలి. చంపేశాక చెప్తే అది అన్యాయం. మేం సూచించే పద్ధతి ఇది: ప్రతి సెషన్‌కు నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి, ఎడమవైపు ఒక్కో ఘట్టం లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో, కుడివైపు దాని ఎక్స్‌పీని రాసి ఉంచండి. ఏనుగు వెళ్ళింది గానీ తోట నాశనమైంది అన్నట్టు సగం గెలుపు వచ్చే వీలుంటే దాని అంకె కూడా ముందే రాయండి. సగం అంటే 550, తలా 137. ఈ సగం లెక్క పుస్తకంలోది కాదు, మా సలహా.

ఇప్పుడు ప్రతి బల్ల దగ్గరా వినబడే మాట: “అన్నా, చివరి దెబ్బ నాది కదా, నాకెక్కువ రావాల!” ఇవ్వకండి. ఫైటర్ మూడు రౌండ్లు దెబ్బలు తిని నిలబడ్డాడు, క్లెరిక్ తన వంతంతా గాయాలు మాన్పే ‘క్యూర్ వూండ్స్’ మంత్రం వేయడానికే ఖర్చుపెట్టింది, రోగ్ వెనక నుంచి వచ్చి శత్రువుకు మిగిలిన 4 హిట్ పాయింట్లు (ప్రాణబలం) తీసేశాడు. చివరి దెబ్బకు ఎక్కువిస్తే క్లెరిక్ ప్లేయర్ వచ్చే వారం గద పట్టుకుంటుంది, ఫైటర్ పడిపోయినప్పుడు లేపేవాళ్ళు ఉండరు. మామిడి కోతను గుత్తకు తీసుకున్న ముఠాలో చెట్టెక్కినవాళ్ళకూ కింద కాయలు పట్టినవాళ్ళకూ కూలి సమానమే. పార్టీ కూడా అంతే.

బాగా నటించినందుకు ఒక్కరికే బోనస్ ఇవ్వడం కూడా ఇదే గొడవ తెస్తుంది. మాటకారికి ప్రతి వారం 50 వస్తుంది, కొత్తగా చేరిన మొహమాటస్థుడికి ఎప్పుడూ రాదు. పది సెషన్లకు తేడా 500. మెచ్చుకోవాలనిపిస్తే ‘ఇన్‌స్పిరేషన్’ ఇవ్వండి. దాంతో ఒక త్రోకు రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు, ఒకరి దగ్గర ఒక్కసారికి ఒకటే ఉంటుంది. అది పోగుపడదు కాబట్టి దూరం పెరగదు.

పోరు లేని ఘట్టాలకు అంకె ఎక్కణ్ణుంచి తేవాలి? గత పాఠంలోని కష్టం పట్టికే వాడండి. లెవెల్ 3 క్యారెక్టర్‌కు సులువు 75, మధ్యస్థం 150, కష్టం 225. చంద్రగిరి రాజమహల్‌లో కాపలా కళ్ళుగప్పి పత్రం తేవడం మధ్యస్థం అనుకుంటే తలా 150. ఇవి ఒక్కొక్కరి అంకెలు, మళ్ళీ నాలుగుతో భాగించకండి.

ఒకే అడ్డంకికి రెండుసార్లు ఇవ్వకూడదు. ఎర్రచందనం నాయకుణ్ణి మాటలతో ఒప్పించి 525 తీసుకున్న పార్టీ, వెనక్కొచ్చి అతన్ని పొడిచేస్తే కొత్తగా వచ్చేది సున్నా. అతను తప్పించుకుని నెల తర్వాత ఇరవై మందితో తిరిగొస్తే అది కొత్త అడ్డంకి, కొత్త లెక్క.

డీఎం నడిపే సహాయకుడు గట్టిగా పోరాడితే అతన్నీ పంపకంలో లెక్కపెట్టాలి. ఫారెస్ట్ గార్డు ఒకడు పక్కన నిలబడి కొట్టాడంటే 525ని ఐదుతో భాగించి తలా 105. దారి చూపి చెట్టు వెనక దాక్కుంటే లెక్కపెట్టొద్దు. ఈ సంగతి సాయం అడిగే ముందే ప్లేయర్లకు తెలిసుండాలి.

రానివాళ్ళ సంగతి. మదనపల్లె నుంచి బస్సు దొరకలేదు, యూనివర్సిటీ పరీక్షలొచ్చాయి, బ్రహ్మోత్సవాల వారంలో కొండ మీద డ్యూటీ పడింది. ఆ వారం ఎక్స్‌పీ కోస్తే వాళ్ళ క్యారెక్టర్ బలహీనమవుతుంది, బలహీనమైన క్యారెక్టర్‌తో ఆడబుద్ధి కాదు, రావడం ఇంకా తగ్గుతుంది. మా సలహా: అందరికీ సమానంగా ఇవ్వండి. వచ్చినవాళ్ళకు మాత్రమే ఇవ్వాలని బల్ల మొత్తం ఒప్పుకుంటే సరే, కానీ ఒక లెవెల్ కంటే ఎక్కువ తేడా రానివ్వకండి. చనిపోయిన క్యారెక్టర్ బదులు వచ్చే కొత్త క్యారెక్టర్‌ను కూడా పార్టీ ఎక్స్‌పీతోనే మొదలుపెట్టండి.

వేరే పుస్తకాల్లో ఈ పంపకం వేరుగా ఉంటుంది, కలపకండి. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండో ఎడిషన్‌లో పార్టీ లెవెల్‌తో సమానమైన ఒక్క శత్రువుకు 40 ఎక్స్‌పీ. అది ప్రతి ఒక్కరికీ పూర్తిగా వస్తుంది, భాగించరు. 1,000కు చేరితే లెవెల్ పెరిగి ఆ 1,000 తీసేస్తారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1981 బేసిక్ నిబంధనల్లో బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ, అందుకే ఆ ఆటలో తెలివైన పార్టీ పోరు తప్పించుకుని నిధి మోసుకొస్తుంది. పైగా అందులో రెండో లెవెల్‌కు దొంగకు 1,200, ఫైటర్‌కు 2,000, మాంత్రికుడికి 2,500 కావాలి. ఎక్స్‌పీ సమానంగా పంచినా లెవెళ్ళు వేరవుతాయి. అది లోపం కాదు, సరిచేయబోకండి.

మొత్తాలు సెషన్ చివర్లో ఒకేసారి, అందరి ముందూ చదవండి. నడుమ పోరు ఆపి ఇస్తే లెక్కలకే అరగంట పోతుంది.

అభ్యాసం: ఐదుగురి పార్టీ, అందరూ లెవెల్ 3, ఒకరు ఈ వారం రాలేదు. శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఒడ్డున రెండు ఓగర్లు (భారీ రాక్షసులు) దారి కాశాయి, ఒక్కోటి 450. ఒకదాన్ని మాటలతో ఒప్పించి పంపేశారు, రెండోది పోరాడి ఓడింది. స్థానిక వేటగాడు ఆ పోరు మొత్తం విల్లు పట్టి సాయం చేశాడు, మాటల్లో మాత్రం అతని పాత్ర లేదు. రాని ప్లేయర్‌కు సమాన వాటా ఇచ్చే బల్ల ఇది. తలా ఎంత? రెండు ఘట్టాలనూ విడివిడిగా లెక్కించండి. జవాబు, మైలురాళ్ళ పద్ధతిలో లెవెల్ పెంచడం గురించిన వివరాలు నాలుగో పాఠంలో.