మొదటి ఇంజెక్షన్ ఇచ్చే ముందు: నర్సింగ్ విద్యార్థులకు జాగ్రత్తలు

- పక్కన ట్యూటర్ గానీ స్టాఫ్ నర్సు గానీ లేకుండా సిరంజి పట్టుకోవద్దు.

- హ్యాండ్ రబ్‌తో (ఆల్కహాల్ శానిటైజర్) చేతులు 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోండి.

- మందు లేబుల్ మూడుసార్లు చదవండి: బయటికి తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు, పేషెంట్ దగ్గర.

- "మీరు ఫలానావారేనా?" అని అడగకండి. నిద్రమత్తులో ఎవరైనా అవుననేస్తారు. పేరు వారితోనే చెప్పించి, చేతి బ్యాండ్‌తో సరిచూడండి. అలర్జీ సంగతీ అప్పుడే అడగాలి. టెన్షన్‌లో మనం మొదట మర్చిపోయేది ఇదే.

- షార్ప్స్ డబ్బా (వాడిన సూదులు పడేసేది) చేతికందేలా ఉంచుకోండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు.

- సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే చెప్పండి. తిడతారని దయచేసి దాచకండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు.