నాన్న చేతికి షుగర్ సెన్సర్ పెట్టేటప్పుడు

షుగర్ సెన్సర్ అంటే చర్మానికి అంటించుకునే చిన్న పరికరం, షుగర్‌ని రోజంతా కొలుస్తూ ఫోన్‌కి పంపుతుంది. మొదటి సెన్సర్‌ని ఎంవీపీ కాలనీలో మా ఇంటి హాల్లోనే నాన్నకు పెట్టాను. చోటు జబ్బ వెనక భాగం. సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. విశాఖ ఉక్కపోతకి చెమట పడుతూనే ఉంటుంది కాబట్టి ఫ్యాను కింద కూర్చోబెట్టండి. నూనె రాసిన చర్మానికి అది అంటుకోదు.

ఇది కొలిచేది నేరుగా రక్తంలో షుగర్ కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోది. అందుకే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. నాన్న బీచ్ రోడ్డులో నడిచి వచ్చినా, ఇడ్లీ తిన్నా, నేను ఫోన్‌లో అంకెతో పాటు పక్కనున్న బాణం కూడా చూస్తాను. షుగర్ పైకా, కిందికా?

ఒకరోజు రాత్రి రెండింటికి షుగర్ బాగా తగ్గిందని ఫోన్ మోగింది. 58! నాకు కాళ్లు వణికాయి. వేలు పొడిచి గ్లూకోమీటర్‌తో చూస్తే 104. నాన్న ఆ చేతిమీదే పడుకున్నారు. సెన్సర్ నొక్కుకుపోతే రీడింగ్ అలా తప్పుగా పడిపోతుంది. కానీ చెమటలు, వణుకు, తికమక ఉంటే మీటర్ కోసం వెతుకుతూ ఆలస్యం చేయకండి. మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మాది 14 రోజుల సెన్సర్. ఆ గ్రాఫ్‌తో పాటు ఏ పూట ఏం తిన్నారో రాసిన నోట్‌బుక్ కూడా డాక్టర్‌కి చూపిస్తాను. మందుల మోతాదు మాత్రం మేం సొంతంగా మార్చం.